ఆపరేషన్ అంబలి

మంగళవారం ఉదయం మేళ్లచెరువులో హత్య జరిగింది. చచ్చింది మనిషి కాదు, కుండ.

వెంకటయ్య ఇంటి వంటగదిలో డెబ్భై ఏళ్లుగా ఒక్కరోజూ పూర్తిగా ఖాళీ కాని అంబలి కుండ అది. రోజూ అడుగున ఓ గరిటెడు మిగిల్చి, దాన్నే తోడుగా వేసి మర్నాటి జొన్న గంజిని పులియబెడతారు. ఆ ఉదయం మూత తీస్తే పుల్లటి వాసనకు బదులు పంచాయతీ నీళ్ల ట్యాంకు వాసన కొట్టింది. బ్లీచింగ్ పౌడర్. కుండ పగల్లేదు, అంబలి ఒలకలేదు. లోపలున్న ప్రాణం మాత్రం పోయింది. బుధవారం కోదాడ దగ్గరి పల్లెలో మరో కుండ. అదే పౌడర్, అదే పద్ధతి.

గురువారం ఆ రెండు కుండల ఫొటోలు హైదరాబాద్‌లో ఒక టేబుల్ మీదికి వచ్చాయి. బయట బోర్డు మీద 'మసాలా దినుసుల నాణ్యతా సలహా కేంద్రం' అని ఉంటుంది. లోపల సెల్ నైన్. మన విత్తనాలను, వంటలను, వాటి వెనకున్న సూక్ష్మజీవులను విదేశీ దొంగల నుంచి కాపాడే రహస్య విభాగం. చీఫ్ అమరేందర్ ఫొటోలను ఎదుటి మనిషి వైపు జరిపాడు.

ఎదుటి మనిషి శ్రీశైలం. వయసు నలభై రెండు, సొంతూరు పాత నల్గొండ జిల్లా. కోడ్ నేమ్ మెంతి. ఆ పేరు పెట్టినవాళ్లకు ఆయన మాట తీరు బాగా తెలుసు.

"సీరియల్ కిల్లర్‌కు వంటింట్లో ఏం పని సార్?" అన్నాడు శ్రీశైలం.

అమరేందర్ నవ్వలేదు. విషయం క్లుప్తంగా చెప్పాడు. వెల్‌గ్రేన్ అనే విదేశీ కంపెనీ మూడేళ్ల క్రితం 'సోర్గా' అనే పుల్లటి డ్రింక్ తెచ్చింది. దాన్ని పులియబెట్టే బ్యాక్టీరియాను తమ ల్యాబ్‌లోనే కనిపెట్టామని, అది వాడే హక్కు తమ ఒక్కరిదేనని పేటెంట్ తీసుకుంది. నిజానికి అది హుజూర్‌నగర్ వైపు అంబలి కుండల్లో ఉండేదే. అందుకే ఆ పేటెంట్ రద్దు చేయాలని మన ప్రభుత్వం కేసు వేసింది. దానికి ఓ సాక్ష్యం కూడా దొరికింది. ఫస్లీ 1341లో, అంటే తొంభై ఏళ్ల పైచిలుకు కిందట, ఓ యునానీ హకీం ఉర్దూలో రాసుకున్న మందుల పుస్తకం. జ్వరం తగ్గినవాళ్లకు ఆ ప్రాంతపు కుండ అంబలి పట్టాలని అందులో ఉంది. కంపెనీ లాయర్లు దానికీ అడ్డం తిరిగారు. పుస్తకంలో ఉన్నది కాగితం, అదే జీవి అని రుజువేదీ అని అడిగారు. విదేశంలోని పేటెంట్ ట్రిబ్యునల్ చివరి గడువు ఇచ్చింది. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలలోపు నల్గొండ ల్యాబ్‌లో, వీడియో కెమెరా ముందు, తరతరాల ఇంటి కుండలోంచి వచ్చిన బతికున్న శాంపిల్‌కు సీలు పడాలి. లేకపోతే కేసు మూసేస్తారు.

"ఆ కుండలు ఎన్నున్నాయి సార్?"

"ఒకప్పుడు ఇంటికొకటి. సాగర్ ఎడమ కాలువ వచ్చింది, వరి వచ్చింది, జొన్న పోయింది. మా సర్వేలో మూడే మిగిలాయి. మొన్న మూడు. ఇవాళ ఒకటి."

ఆ ఒక్కటీ హుజూర్‌నగర్ పక్క పల్లెలో అమృతమ్మ అనే డెబ్భై ఏళ్ల మనిషి ఇంట్లో ఉంది. ఆమె, మరో నలభై మంది ఆడవాళ్లు సంఘం కట్టుకుని ఎండాకాలం బస్టాండుల్లో అంబలి సీసాలు అమ్ముకుంటారు. అమ్మకం వెంటనే ఆపాలని వెల్‌గ్రేన్ వాళ్లకు లీగల్ నోటీసు పంపింది. పేటెంట్ ఖాయమైతే ఆ నలభై పొయ్యిలూ ఆరినట్టే. అమృతమ్మ ఆ నోటీసును చదివించుకుని, మడిచి, అంబలి కుండ మీద మూతగా వేసుకుందట.

శ్రీశైలానికి ఆ మనిషి చూడకముందే నచ్చింది.

సెల్ తరఫున మనీష అనే కన్సల్టెంట్ అప్పటికే ఆ ఊరు చేరిందని అమరేందర్ చెప్పాడు. ఆ పేరు తెలియనివాళ్లు తక్కువ. ఏ తిండి ఏ దేశంలో పుట్టిందో వీడియోల్లో చెబుతుంటే ఎనిమిది లక్షల మంది నోరు తెరుచుకుని వింటారు. గురువారం సాయంత్రానికే ఆమె శాంపిల్ తీసి ఫ్లాస్కులో భద్రపరుస్తుంది. దాన్ని నల్గొండ చేర్చడమే శ్రీశైలం పని.

"ఇంత సులువా?" అన్నాడు శ్రీశైలం.

"సులువైతే నిన్నెందుకు పిలుస్తాను?"

*

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు హుజూర్‌నగర్‌లోకి ఓ చిన్న ట్రాలీ ఆటో వచ్చింది. పైన మైకు: "గ్యాస్ పొయ్యిలు, కుక్కర్లు రిపేర్ చేయబడును." లోపల మాసిన చొక్కాతో శ్రీశైలం. ఈ దేశంలో ప్రశ్నలు అడగకుండా వంటగదిలోకి రానిచ్చేది ఇద్దర్నే, చుట్టాన్నీ కుక్కరు బాగుచేసేవాణ్ణీ. చుట్టానికైతే చాయ్ పెట్టాలి.

బస్టాండు పక్క హోటల్లో పోచంపల్లి చీర కట్టుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న మనిషి ఒంటరిగా కూర్చుని ఉంది. శ్రీశైలం పక్క బల్ల దగ్గర ఆగి, ప్లేటులోని సమోసా చూస్తూ కోడ్ మాట వదిలాడు.

"ఇందులో ఆలుగడ్డ ఎందుకో?"

"ఇరాన్ వైపు పుట్టినప్పుడు లేదు. మాంసం ఉండేది," అంది మనీష తల తిప్పకుండానే. కోడ్ సరిపోయింది.

ఇద్దరూ వేర్వేరుగా అమృతమ్మ ఇల్లు చేరారు. అమృతమ్మ గడపలోనే కూర్చుని ఉంది. ముఖం చూడగానే శ్రీశైలానికి అర్థమైంది. లోపలికెళ్లి కుండ మూత ఎత్తాడు. ట్యాంకు నీళ్ల వాసన గుప్పుమంది.

"పొద్దుగాల లేచి సూస్తే గిట్లున్నది, కొడుకా. మా అత్త చేతికెల్లి నా చేతికొచ్చిన తోడు."

మనీష గుండెల మీద చెయ్యి వేసుకుంది. మూడో కుండ కూడా పోయిందే అని నొచ్చుకుంది. నిన్న సాయంత్రమే శాంపిల్ తీయడం మన అదృష్టం అంటూ సంచిలోంచి స్టీలు ఫ్లాస్కు తీసింది.

శ్రీశైలం జేబులోంచి పెన్ను తీశాడు. చూడ్డానికి పది రూపాయల బాల్‌పెన్ను. నిజానికి పులుపును కొలిచే సెన్సర్. బతికున్న అంబలికి నాలుగు దగ్గర చూపించాలి. ఫ్లాస్కులోంచి ఓ చుక్క మూతలో పోసి ముంచాడు. మూడు పాయింట్ తొమ్మిది. పచ్చ లైటు వెలిగింది. శ్రీశైలం ఊపిరి వదిలాడు.

"ఏదీ, ఇటియ్యి," అంది అమృతమ్మ. ఫ్లాస్కు అందుకుని మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ తిప్పి తీసింది. ఓసారి వాసన చూసింది. మనీష వైపు తిరిగింది.

"నిన్న పొద్దుమూకినకాడి నుంచి గిట్లనే బిగిచ్చిపెట్టినవా, బిడ్డా?"

"అవును అవ్వా. ఇప్పటి దాకా తీయలేదు."

"నడి ఎండాకాలం. రాత్రంత మూతేసి పెడ్తే పొద్దుగాల తియ్యంగనే బుస్సుమని మీదికి రావాలె. మా సీసాలైతే బిరడాలు ఎగిరిపోతయి. ఇది కిక్కురుమనలేదు. ఇందుల పులుపు మాత్రం ఉన్నది. నిమ్మకాయ పులుపు."

లక్షన్నర పెట్టి కొన్న పెన్ను శ్రీశైలం చేతిలో ఇంకా పచ్చగా వెలుగుతూనే ఉంది. ఆయన దాన్ని ఆర్పి జేబులో పెట్టుకున్నాడు.

"వెల్‌గ్రేన్ నీకెప్పటి నుంచి జీతం ఇస్తోంది మనీషా?"

మనీష కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. బుకాయించలేదు. బుకాయించే వయసూ, అవసరమూ దాటిన మనిషిలా గోడకు ఆనుకుని నిలబడింది.

"నీకో పాఠం చెప్పనా శ్రీశైలం? మీ పచ్చళ్లలో మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్లు తెచ్చింది. టమాటా అక్కడిదే. పల్లికాయా అంతే. పాలమూరు సీతాఫలానికి సీతమ్మ పేరు పెట్టుకున్నారు, దాని పుట్టిల్లూ ఆ ఖండమే. చాయ్ అలవాటు చేసింది తెల్లవాళ్ల కంపెనీలు. ఆఖరికి ఈ జొన్న కూడా వేల ఏళ్ల కింద ఆఫ్రికా నుంచి వచ్చిందే. మీది అంటూ ఈ వంటగదిలో ఏముంది? అన్నీ అరువే. ఇవాళ మీ దగ్గర్నుంచి ఒకటి పోతే ఇంత ఏడుపెందుకు?"

చెప్పినవన్నీ నిజాలే. అదే శ్రీశైలానికి మండింది. జవాబు వెతుక్కునేలోపు అమృతమ్మే అందుకుంది.

"మిరపకాయ ఏడికెల్లొచ్చిందో నాకెర్కలేదు, బిడ్డా. గని తెచ్చినోడు మా అవ్వను కారం నూరొద్దని నోటీసు ఇయ్యలే. జొన్నలు గా దేశపోళ్లవే అంటున్నవ్. మంచిది. గా దేశపోళ్లు ఎన్నడన్న మా ఇంటికొచ్చి పొయ్యి ఆర్పిన్రా? తినుడు ఎవలైన తినొచ్చు. మీ కంపెనోళ్లు తాగుతమంటే వద్దన్ననా? నన్ను తాగొద్దనుడేంది?"

మనీష కళ్లద్దాలు పెట్టుకుంది. పోలీసుల్ని పిలుచుకో, అంబలిలో నిమ్మకాయ పిండితే ఏ సెక్షన్ కింద అరెస్టు చేస్తారో అడుగు, నాలుగు గంటలకు నల్గొండలో కలుద్దాం అని చెప్పి వెళ్లిపోయింది. వీధి చివర తెల్ల స్కార్పియో స్టార్టయిన చప్పుడు వినిపించింది.

టైం పదిన్నర. మూడు కుండలూ పోయాయి. శ్రీశైలం వంటగది గడప మీద చతికిలబడ్డాడు. ఇన్నేళ్ల సర్వీసులో బాంబును ఆపాడు, విత్తనాల కంటైనర్‌ను సముద్రంలో పట్టుకున్నాడు. ఒక ముసలమ్మ గంజి కుండను కాపాడలేకపోయాడు.

అమృతమ్మ మాత్రం వీధి వైపే చూస్తోంది. స్కార్పియో చప్పుడు పూర్తిగా పోయాక కొంగు దోపుకుని లేచింది.

"పోయిందా? ఇగ లే. జాహేదోళ్లింటికి పోదాం."

"ఎందుకవ్వా?"

"ఫికర్ జెయ్యకు, నడువు. చెప్త."

నడుస్తూనే చెప్పింది. వాళ్ల ఇంటిపేరువాళ్లలో ఎవరు పోయినా ముట్టుడు, అంటే మైల, వస్తుంది. ఆ పది రోజులూ వంటింటి మట్టికుండలన్నీ బయట పారేస్తారు, వండినవేవీ మిగల్చరు. పెద్ద వంశం, ఏడాదికి ఒకటో రెండో చావులు. మరి తోడు ఎట్లా బతకాలి? అందుకే అమృతమ్మ అత్తకు అత్త కాలం నుంచీ ఓ ఏర్పాటుంది. మూడిళ్ల అవతల ఉన్న సాయిబుల ఇంట్లో అదే తోడుతో ఇంకో కుండ నడుస్తుంది. వాళ్లకు వీళ్ల ముట్టుడు అంటదు. రంజాన్ నెలలో వాళ్లింట్లో పగలు తాగేవాళ్లు ఉండరు కాబట్టి అప్పుడు వాళ్ల తోడు వీళ్లింటికి వస్తుంది. ఇట్లా ఆ తోడు ఇటూ అటూ తిరుగుతూ ఎన్ని చావులను దాటిందో లెక్కే లేదు.

"మరి సర్వేవాళ్లకు చెప్పలేదా?"

"అడిగితే గద చెప్పేది. గా పోరి గూడ వచ్చి మా కులపోళ్ల ఇండ్లే తిరిగింది. సాయిబులింట్ల అంబలి ఎందుకుంటదని అనుకున్నది కావచ్చు."

సెల్ నైన్ సర్వే ఫారంలోనూ 'హిందూ వ్యవసాయ కుటుంబాలు' అనే ఒక్క గడే ఉంది. ఆ ఫారం తయారు చేసింది శ్రీశైలమే. ఆ సంగతి అమృతమ్మకు చెప్పలేదు.

జాహేదా వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. యాభై ఏళ్లుంటాయి. సంగతి విన్నాక చాట పక్కనపెట్టి లోపలికి తీసుకుపోయింది. నూనె డబ్బాల చాటున, తడిగుడ్డ చుట్టిన నల్లటి కుండ. మూత తీయగానే లోపల సన్నగా చిటపట. నురగ బుడగలు ఒక్కొక్కటే పగులుతున్నాయి. శ్రీశైలం పెన్ను తీయలేదు.

"మావోళ్లు దీన్ని మందని తాగుతరు," అంది జాహేదా. "నీకెంత కావాలె భయ్యా?"

"గురిగెడు చాలు. కానీ తీసుకెళ్లేది నేను కాదు."

*

ప్లాన్ ఆయన బుర్రలో అప్పటికే తయారైంది. తన ఫోన్ నంబర్ మనీష దగ్గర ఉంది. అంటే వినేవాళ్లు వింటూనే ఉంటారు. జాహేదా ఇంట్లో కొత్త గురిగిలో, అంటే చిన్న మట్టిముంతలో, తోడు వేయని జొన్న గంజి పోయించాడు. తడిగుడ్డ చుట్టి ట్రాలీ ముందు సీట్లో పెట్టి, సీటు బెల్టు కూడా కట్టాడు. అప్పుడు అమరేందర్‌కు ఫోన్ చేసి గట్టిగా చెప్పాడు. "సార్, ఇంకో కుండ దొరికింది. నేనే తెస్తున్నా. మిర్యాలగూడ మీదుగా వస్తా."

అదే సమయంలో హుజూర్‌నగర్ బస్టాండులో అమృతమ్మ, జాహేదా ఆర్టీసీ బస్సెక్కారు. జాహేదా ఒళ్లో పాత షాల్‌లో చుట్టిన అసలు గురిగి. కండక్టర్ ఇద్దరి ఆధార్ కార్డులూ చూసి చెరో ఉచిత జీరో టికెట్ కొట్టాడు. ఈ దేశ చరిత్రలో అంత విలువైన సరుకు అంత చవగ్గా ప్రయాణం చేసి ఉండదు.

మిర్యాలగూడ దాటాక స్కార్పియో ట్రాలీకి అడ్డంగా ఆగింది. నలుగురు దిగారు. మెడల్లో ఆహార తనిఖీ అధికారులమంటూ దొంగ గుర్తింపు కార్డులు. గురిగి ఇటిమ్మన్నారు. శ్రీశైలం ఇవ్వనన్నాడు. ఇక్కడే మెళకువ ఉంది. తేలిగ్గా వదిలేస్తే అనుమానం వస్తుంది, గట్టిగా కొట్లాడితే గెలిచే ప్రమాదం ఉంది. కొలతగా కొట్టి, కొలతగా తన్నులు తినాలి. ఆ విద్యలో ఆయన్ను మించినవాడు సెల్‌లో లేడు. ఒకడి ముక్కు, ఇంకొకడి మోకాలు, తన పెదవి. పావుగంటలో ముగిసింది. గురిగిని రోడ్డు పక్క రాయికేసి కొట్టి, ట్రాలీ తాళంచెవి పొలం గట్ల మీదికి విసిరేసి వాళ్లు వెళ్లిపోయారు.

తాళంచెవి వెతుక్కోవడానికే గంట పట్టింది. నల్గొండ ల్యాబ్ చేరేసరికి మూడూ నలభై.

లోపల పెద్ద స్క్రీన్ మీద ముగ్గురు ట్రిబ్యునల్ సభ్యులు. గదిలో అమరేందర్, సీలు వేయాల్సిన సైంటిస్ట్ దీప్తి. కంపెనీ పరిశీలకుడిగా లూకాస్ ఫెర్న్ అనే పొడుగాటి తెల్లమనిషి. అతని పక్క కుర్చీలో, ఇక దాచాల్సిన పని లేదన్నట్టు, మనీష. శ్రీశైలం చీలిన పెదవి చూసి ఆమె చిన్నగా తల ఊపింది.

ఆడవాళ్లు రాలేదు.

జాహేదా ఫోన్‌కు చేశాడు. స్విచాఫ్. మూడూ నలభై ఐదు. బస్సు మూడుంపావుకే రావాలి. మూడూ యాభై. బయటికెళ్లి చూడబోతే ఫెర్న్ మనుషులు ఇద్దరు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. వెళ్తే వాళ్లకు దారి చూపినట్టే. శ్రీశైలం తిరిగొచ్చి కూర్చున్నాడు.

మూడూ యాభై ఆరు. ట్రిబ్యునల్ అధ్యక్షురాలు గొంతు సవరించుకుని, శాంపిల్ లేనట్టేనా అని అడిగింది. అమరేందర్ శ్రీశైలం వైపు చూశాడు.

అప్పుడు కారిడార్‌లో గొడవ వినిపించింది. విజిటర్స్ రిజిస్టర్‌లో పేర్లు రాయాలంటున్నాడు వాచ్‌మన్. రాస్కో, రాస్కుంట మా యెంబడే నడువు అంటోంది అమృతమ్మ. తలుపు దగ్గరున్న ఇద్దరు మనుషులు పక్కకు తప్పుకుని దారిచ్చారు. వాళ్లు ఆపాల్సింది స్టీలు ఫ్లాస్కును, లేదా మీసాలున్న ఏజెంటును. చెప్పులు చేత్తో పట్టుకొచ్చిన ఇద్దరు ఆడవాళ్ల గురించి వాళ్లకెవరూ చెప్పలేదు.

"బస్సు టైరు పంచరైంది, భయ్యా," అంది జాహేదా. "ఆటోవాలాకు గీ జాగా ఎర్కలేదు. ఊరంత తిప్పిండు."

మూడూ యాభై ఎనిమిది. దీప్తి గురిగి అందుకుంది. మనీష కుర్చీలోంచి లేచింది. ఇదెక్కడిది, ఆ మూడు కుండలూ పోయాయి కదా అని తెలుగులోనే అనేసింది. అనువాదకుడు దాన్ని బుద్ధిగా ఇంగ్లిష్‌లోకి మార్చాడు. స్క్రీన్ మీద అధ్యక్షురాలు కళ్లజోడు సర్దుకుంది.

"మూడు కుండలు పోయాయని మీకెలా తెలుసు? ఆ వివరం ఇంకా ఈ ట్రిబ్యునల్ ముందుకే రాలేదు."

ఫెర్న్ మనీష వైపు మొదటిసారి తిరిగి చూశాడు. ఆ చూపులో ఇక జీతం లేదు.

దీప్తి షాల్ విప్పి మూత తీసింది. అంబలి బుస్సుమని ఎగిరి ఆమె తెల్లకోటు మీద పడింది. మిగిలినదాంట్లోంచి గొట్టం నింపి, కెమెరాకు చూపించి సీలు నొక్కింది. స్క్రీన్ మూలన గడియారం మూడూ యాభై తొమ్మిది, నలభై ఎనిమిది సెకన్లు చూపిస్తోంది.

*

పదకొండో రోజు రిపోర్టు వచ్చింది. జాహేదా కుండలోని జీవీ, వెల్‌గ్రేన్ సీసాలోని జీవీ ఒక్కటే. పేటెంట్ రద్దయింది. తిండిలో విషపదార్థం కలిపినందుకు సెక్షన్ ఉందని మనీషకు పోలీసులే ఓపిగ్గా వివరించారు. లూకాస్ ఫెర్న్ అప్పటికే విమానంలో ఉన్నాడు. సెల్ నైన్ సర్వే ఫారంలో శ్రీశైలం తన చేత్తోనే ఇంకో పది గడులు గీశాడు.

కబురు చెప్పడానికి ఆయన స్వయంగా హుజూర్‌నగర్ వెళ్లాడు. బస్టాండు ముందు గొడుగు కింద అమృతమ్మ, జాహేదా సీసాలు పేర్చుకుని కూర్చున్నారు. గెలిచామని, ఇక ఎవరూ ఆపలేరని చెప్పాడు. కంపెనీ మాత్రం చిన్న అర్జీ పెట్టుకుందన్నాడు. పేటెంట్ లేకపోయినా ఆ డ్రింక్ అమ్ముకోవచ్చా, మీకేమైనా అభ్యంతరమా అని అడుగుతున్నారట.

అమృతమ్మ ఓ సీసా తీసి ఆయన చేతికిచ్చింది.

"అమ్ముకోమను, కొడుకా. తాగమను. వట్టిగ తాగితె మజా ఉండదు, ఉల్లిగడ్డ నంజుకోమని గూడ రాయి. గా ముచ్చట మాత్రం వాళ్లకు ఎవలు చెప్పినట్టు లేరు."